మన తిరుపతి, చిత్తూరు వైపు తేనెటీగలు పెంచాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పాకాల దగ్గర మామిడి తోపులో నా పెట్టెలు రోడ్డుకి కనిపిస్తాయి. బండి ఆపి అడిగేవాళ్లు, నంబర్ సంపాదించి రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. మనుషులు వేరు, సందేహాలు మాత్రం అవే. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. మొత్తం వరసగా చదవాల్సిన పనిలేదు.

## మొదలుపెట్టే ముందు

అన్నా, దీంట్లో నిజంగా డబ్బులొస్తాయా? వీడియోల్లో లక్షలు అంటున్నారు.

వస్తాయి. కానీ లక్షలు అని చెప్పేవాళ్లలో చాలామంది పెట్టెలు అమ్మేవాళ్లే. లెక్క మీరే వేసుకోండి. మన పుట్ట తేనెటీగ పెట్టె మంచి చోట ఉంటే ఏడాదికి 5 నుంచి 8 కిలోలు ఇస్తుంది. ఐరోపా ఈగ పెట్టె ఒకేచోట ఉంటే 10, 15 కిలోలు, పూత వెంబడి తిప్పితే 25 నుంచి 40 కిలోల దాకా ఇస్తుంది. పది పుట్ట ఈగ పెట్టెల నుంచి 50 కిలోలు వచ్చి, కిలో 500 చొప్పున ఇంటి దగ్గరే అమ్ముడుపోయిందనుకుందాం. 25 వేలు. అది నెలకి కాదు, ఏడాదికి. అందులోనే చక్కెర, సీసాలు, పెట్రోలు.

రెండు ఆవులు, నాలుగెకరాల తోపు ఉన్న ఇంటికి ఇది మంచి అదనపు రాబడి. ఉద్యోగం మానేసి దీంట్లో దిగుతానంటే మాత్రం నేను వద్దనే అంటాను. ఇదే బతుకుతెరువు కావాలంటే వంద ఐరోపా పెట్టెలు, వాటిని రాత్రిపూట మోసుకెళ్లే బండి, పూత ఎక్కడుంటే అక్కడ పడుకునే ఓపిక ఉండాలి.

ఇంకో మాట. మొదటి ఏడాది తేనె కిలోలు లెక్కపెట్టుకోవద్దు. ఈ సంక్రాంతికి కొన్న పెట్టెల్లో వచ్చే సంక్రాంతికి ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టండి. నేను పదితో మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి మూడు మిగిలాయి. ఆ మూడే నాకు పని నేర్పాయి.

ఎన్ని పెట్టెలతో మొదలుపెట్టాలి? ఒకటి కొని చూస్తే చాలదా?

ఒకటి చాలదు. ఒకే పెట్టె ఉంటే అది బాగుందో లేదో పోల్చి చూసుకోవడానికి ఇంకోటి ఉండదు. రాణి చచ్చిపోతే పక్క పెట్టెలోంచి గుడ్లున్న ఫ్రేము (ఈగలు పట్టు కట్టే చెక్క చట్రం) తెచ్చి పెట్టే వీలూ ఉండదు. అలాగని యాభైతో దిగితే నేర్చుకునేలోపు నష్టం అయిపోతుంది. నాలుగైదు పెట్టెలు సరైన సంఖ్య.

నాకు సెంటు భూమి కూడా లేదు. కుదురుతుందా?

కుదురుతుంది. ఈగలకి హద్దురాళ్లు తెలియవు. పుట్ట ఈగ కిలోమీటరు, కిలోమీటరున్నర తిరుగుతుంది. ఐరోపా ఈగ రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. మీకు కావలసింది చెట్టు నీడలో నాలుగడుగుల జాగా, ఆ తోపు యజమాని ఒప్పుకోలు. అద్దె బదులు ఏటా రెండు మూడు కిలోల తేనె ఇస్తానంటే మన వైపు కాదనేవాళ్లు తక్కువ. మాట మాత్రం ఇద్దరు పెద్దమనుషుల ముందు అనుకోండి. తేనె తీసే రోజు చుట్టాలందరూ గిన్నెలతో దిగుతారు.

ఏ ఈగ మంచిది? పుట్ట ఈగా, ఇటాలియనా?

మన దగ్గర కనిపించే ఈగలు ఐదు రకాలు. కొండ తేనెటీగ, చిన్న కొమ్మకి పట్టు కట్టే విసనకర్ర ఈగ, ఈ రెండూ పెట్టెలో ఉండవు. గోడ సందుల్లో ఉండే కుట్టని ముసురు ఈగ తేనె కొద్దిగానే ఇస్తుంది. దాని సంగతి వేరు. పెట్టెలో పెంచేవి మిగిలిన రెండు: పుట్ట ఈగ, మీరు ఇటాలియన్ అంటున్న ఐరోపా ఈగ.

పుట్ట ఈగ మన నేల ఈగ. చెట్టు తొర్రల్లో, పాడుబడ్డ పుట్టల్లో ఉంటుంది. మన ఎండకి, కందిరీగలకి అలవాటు పడింది. వరోవా అనే పేను లాంటి పురుగుని తనే దులిపేసుకుంటుంది. ఖర్చు తక్కువ. దాని లోపం ఒకటే, అలక. తిండి తగ్గినా, చీమలు పట్టినా, ఊరికే పెట్టె తెరిచి విసిగించినా మొత్తం లేచి వెళ్లిపోతుంది. ఇంకో భయం, పట్టులోని పిల్లపురుగుల్ని చంపే శాక్‌బ్రూడ్ వైరస్. 1991లో దక్షిణాదిలో మొదలై, ఒకటి రెండేళ్లలో పుట్ట ఈగ పెట్టెల్ని 90 శాతం దాకా తుడిచిపెట్టింది. అప్పటి పెంపకందార్లు చాలామంది ఐరోపా ఈగకి మారారు.

ఐరోపా ఈగని 1960లలో పంజాబ్, హిమాచల్ వైపు తెచ్చి స్థిరపరిచారు. తేనె ఎక్కువ, పారిపోవడం తక్కువ. కానీ అది మేతకి అలవాటుపడిన సంకరజాతి ఆవు లాంటిది. పూత లేనప్పుడు చక్కెర పోయాలి, వరోవాకి మందు చూడాలి, పూత వెంట తిప్పాలి. ఒకేచోట నాలుగైదు పెట్టెలతో ఉండాలనుకునేవాళ్లకి నా ఓటు పుట్ట ఈగకే.

కుట్టవా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

కుడతాయి. ముసుగు వేసుకున్నా ఏదో ఒకరోజు కుడతాయి. కుట్టిన చోట ముల్లు, దాని వెనక చిన్న విషపు సంచి ఉండిపోతాయి. ఆలస్యమైన కొద్దీ సంచిలోది ఎక్కువ లోపలికి పోతుంది. గోరుతో గీకో, వేళ్లతో పీకో వెంటనే తీసేయండి. కుట్టిన చోట అరటిపండు లాంటి వాసన వస్తుంది. అది మిగతా ఈగల్ని రమ్మని పిలిచే వాసన, అందుకే ఆ చోట పొగ పట్టి కాస్త దూరం జరగాలి.

వాపు, దురద మామూలే. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా అది అలర్జీ. వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి, పసరు మందుల దగ్గర ఆగకూడదు. అలాంటి అలర్జీ ఉన్నవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు. పిల్లలు ఆడుకునే చోటికి, పశువుల్ని కట్టే చోటికి పెట్టెల్ని దూరంగా, ఈగలు వచ్చిపోయే గుమ్మం అవతలి వైపుకి తిప్పి పెడితే గొడవ ఉండదు.

శిక్షణ ఎక్కడ ఇస్తారు?

తిరుపతి దగ్గర కరకంబాడిలో రాస్ (రాష్ట్రీయ సేవా సమితి) వారి కృషి విజ్ఞాన కేంద్రం, కలికిరిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. తిరుపతి ఎస్.వి. వ్యవసాయ కళాశాలలో కీటక శాస్త్ర విభాగం ఉంది. పెద్ద కోర్సు కావాలంటే పుణెలో ఖాదీ కమిషన్ వారి కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ 1962 నుంచీ నడుస్తోంది. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి, బ్యాచ్ ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. సర్టిఫికెట్ లోన్‌కి పనికొస్తుంది. చేతికి పని రావాలంటే మాత్రం ఎవరి పెట్టెల దగ్గరైనా నాలుగు ఆదివారాలు పొగ డబ్బా పట్టుకుని నిలబడాలి.

సబ్సిడీ ఎంత?

ఎక్కువమంది మొదట అడిగేది ఇదే. నేనైతే చివర్లో అడగమంటాను. ఉద్యాన శాఖ ద్వారా పెట్టెలకి, ఈగలకి, తేనె తీసే యంత్రానికి రాయితీ ఉంటుంది. జాతీయ తేనెటీగల మిషన్ నిధులు కూడా ఆ దారినే వస్తాయి. మీ రైతు సేవా కేంద్రంలో ఈ ఏడాది ఉందా అని అడగండి. బ్యాంకు లోన్ కావాలంటే పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) ఉంది. పల్లెల్లో జనరల్ వాళ్లకి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితరులకి 35 శాతం సబ్సిడీ. తేనెటీగల పెంపకందార్ల కోసం కేంద్రం పెట్టిన మధుక్రాంతి పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే పథకాలకి దారి సులువవుతుంది.

సబ్సిడీ పెట్టెలు పూత అయిపోయిన నెలలో చేతికొస్తే తీసుకోవద్దు. ఉచితంగా వచ్చిన ఆకలి అది.

## పెట్టెలు కొనేటప్పుడు

ఏ నెలలో కొంటే మంచిది?

సంక్రాంతి అయ్యాక. అప్పటినుంచి వరసగా ఏదో ఒకటి పూస్తుంది: మామిడి, తర్వాత వేప, నేరేడు, కానుగ, ఎండలు ముదిరాక చింత. ఆ నాలుగైదు నెలల్లో మీరు తప్పులు చేసినా ఈగలు సర్దుకుంటాయి. ఆషాఢంలో కొన్నారంటే మొదటిరోజు నుంచీ చక్కెర పాకమే.

కొనేటప్పుడు ఏం చూడాలి? మోసపోతామని భయం.

మూత తీయించండి. తీయనన్నవాడి దగ్గర కొనొద్దు. పొద్దున పదింటి ప్రాంతంలో వెళ్లి, ముందు ఐదు నిమిషాలు గుమ్మం దగ్గర కూర్చోండి. లోపలికి వచ్చే ఈగల వెనక కాళ్లకి పసుపు, నారింజ రంగు పుప్పొడి ముద్దలు కనిపిస్తే లోపల పిల్లలున్నట్టు.

తర్వాత ఒక్కో ఫ్రేము ఎత్తి సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా పట్టుకోండి. గదుల అడుగున బియ్యపు నూక కన్నా సన్నగా, తెల్లగా నిలబడిన గుడ్లు కనిపించాలి. గదికి ఒకే గుడ్డు, సరిగ్గా అడుగు మధ్యలో ఉండాలి. ఒకే గదిలో రెండు మూడు గుడ్లు, అవీ గోడలకి అంటుకుని ఉంటే రాణి లేదు, కూలి ఈగలే పెడుతున్నాయి. వాటిలోంచి పోతుటీగలు తప్ప ఏమీ రావు. పిల్లల గదుల మూతలు ఒక పక్కన మొదలై ఖాళీల్లేకుండా పరుచుకుని ఉండాలి. చిల్లులు పడి, గుంటలు పడి ఉంటే జబ్బు. పట్టు నల్లగా బొగ్గులా ఉంటే పాతది.

ఫ్రేములు లెక్కపెట్టండి. నేను మొదటిసారి కొన్నప్పుడు 8 ఫ్రేములు అన్నారు. ఇంటికొచ్చి చూస్తే ఐదింటి మీదే ఈగలున్నాయి, మూడు ఖాళీ పట్లు. చీకట్లో ఎక్కించుకుని వచ్చిన ఫలితం.

పెట్టె కాకుండా ఇంకేం సామాన్లు కావాలి?

ముసుగు టోపీ, పొగ డబ్బా, ఫ్రేములు లేపడానికి బద్దె, మెత్తని బ్రష్, తేనె గదుల మైనపు మూతలు కోసే కత్తి. పొగకి ఎండు కొబ్బరి పీచు బాగా పనిచేస్తుంది. ప్లాస్టిక్, కిరోసిన్ గుడ్డ దగ్గరికి రానివ్వొద్దు. తేనె తీసే యంత్రం నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు, ఏడాదిలో పది రోజులకి మించి పని ఉండదు. పుట్ట ఈగకి న్యూటన్ పెట్టె అని చిన్నది దొరుకుతుంది. 1911-17 మధ్య తమిళనాడు వైపు పల్లెవాళ్లకి పెంపకం నేర్పిన ఫాదర్ న్యూటన్ పేరు మీద వచ్చింది. కొలత చెబితే మన వడ్రంగులు కూడా చేస్తారు. వేప చెక్క, పెయింట్ వాసన పోయేదాకా మాత్రం ఈగలు లోపల నిలవవు.

మా చింతచెట్టు తొర్రలో పట్టు ఉంది. పెట్టెలోకి మార్చుకోవచ్చా?

మార్చొచ్చు, పుట్ట ఈగ అయితే. సాయంత్రం పూట పొగ పట్టి, పట్లు ఒక్కొక్కటే కోసి, పిల్లలున్న ముక్కల్ని ఖాళీ ఫ్రేములకి అరటి నారతో కట్టాలి. రాణి చేతికొస్తే పని అయినట్టే, మిగతావి తామే దాని వెనక వస్తాయి. గుమ్మానికి రాణి దూరలేని జల్లెడ గేటు నాలుగైదు రోజులు పెట్టండి. ఈలోపు అవి కట్టుని మైనంతో అతికించుకుని నారని కొరికి బయట పారేస్తాయి. గుమ్మం ముందు నార పోగులు కనిపించాయంటే ఇల్లు నచ్చినట్టే.

## చోటు, పూత

మామిడి తోపులో పెడితే బాగా తేనె వస్తుంది కదా?

మన జిల్లా అంతా మామిడే కాబట్టి అందరూ అలాగే అనుకుంటారు. మామిడి పూతకి వాలేవి ఎక్కువగా మామూలు ఈగలు, జోరీగలు. తేనెటీగకి మామిడి నుంచి దొరికే మకరందం కొద్దిగానే. తోపు నీడకి మంచిది, తేనె మాత్రం గట్ల మీది కానుగ, వేప, నేరేడు, చింత, సర్కారు తుమ్మ, చేలల్లోని నువ్వులు, పొద్దుతిరుగుడు, ధనియాల నుంచి వస్తుంది. మునగ, కొబ్బరి ఉంటే అదృష్టం.

మామిడి తోపులో అసలు గండం పూత మీద కొట్టే మందు. తమాషా చూడండి, తేనెటీగని చంపేది, మామిడి పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకి కొట్టే మందే. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటివి ఈగలకి ప్రాణాంతకం. ఓ జనవరిలో పక్క తోపు వాళ్లు పొద్దున ఎనిమిదికి స్ప్రే మొదలుపెట్టారు. నేను మధ్యాహ్నం వెళ్లేసరికి గుమ్మాల ముందు చాప పరిచినట్టు ఈగలు. నాలుకలు బయటికి చాచుకుని, కొన్ని ఇంకా గిరగిరా తిరుగుతూ. ఆయన తప్పేం లేదు, నేను ముందుగా చెప్పి ఉంచలేదు.

ఇప్పుడు డిసెంబర్‌లోనే చుట్టూ కిలోమీటరు దూరంలో తోపులున్న ప్రతి ఇంటికీ వెళ్లి నా నంబర్ ఇచ్చి వస్తాను. సాయంత్రం ఐదు దాటాక కొట్టమంటాను. కొట్టే ముందు రాత్రే గుమ్మాలకి గాలాడే జాలీ బిగించి, పైన తడి గోనె వేసి ఒకరోజు ఆపుతాను. అంతకన్నా ఎక్కువ మూస్తే లోపల ఉడికిపోతాయి.

బెల్లం గానుగ దగ్గర పెడితే ఈగలకి తిండికి కొదవ ఉండదు కదా?

అస్సలు వద్దు. చెరకు రసం మరిగే పెనంలో పడి వేలకి వేలు చస్తాయి. చావనివి ఆ తీపే మోసుకొచ్చి పట్లలో నింపుతాయి. అది చూడ్డానికి తేనెలాగే ఉంటుంది కానీ తేనె కాదు, పరీక్షలో దొరికిపోతుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వ్యర్థాలు పారబోసే చోటు కూడా అంతే.

శేషాచలం అడవి అంచున మా పొలం. అక్కడ పెట్టనా?

పూత పరంగా అంతకన్నా మంచి చోటు ఉండదు. మీ పట్టా భూమిలో పెట్టుకోండి. రిజర్వు ఫారెస్టులోకి పెట్టెలు మోయాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాల్సిందే. ఎలుగుబంటి వస్తే పెట్టె పుల్లలు కూడా మిగలవు. నేల మీద స్టాండు కాకుండా, ఎత్తైన రాతికట్టు, చుట్టూ ముళ్లకంచె ఉండాలి. పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల దారి ఎటో ఊళ్లో వాళ్లని అడిగి చోటు చూసుకోండి. అదే పలమనేరు, కుప్పం వైపు ఓ లాభం కూడా ఉంది. పట్టుపురుగులు పెంచేవాళ్లు మల్బరీ పక్కన మందు కొట్టనివ్వరు. ఎండ కూడా తిరుపతి, శ్రీకాళహస్తి అంత మండదు.

పెట్టెని ఓ యాభై గజాలు జరపాలి. ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే. మేతకి వెళ్లిన ఈగలు పాత చోటికే వచ్చి గాల్లో వెతుక్కుంటాయి. రోజుకి రెండు మూడడుగుల చొప్పున జరపండి. లేదంటే ఒకేసారి మూడు నాలుగు కిలోమీటర్లు దాటించి, కొన్ని వారాలయ్యాక మళ్లీ తెచ్చుకోండి. ఎలా జరిపినా రాత్రిపూటే.

## సాకేటప్పుడు

ఎన్ని రోజులకోసారి తెరిచి చూడాలి?

పూత కాలంలో వారం పది రోజులకోసారి, మిగతా రోజుల్లో పదిహేను రోజులకోసారి. కొత్తగా కొన్నవాళ్లు రోజూ మూత తీస్తారు. ముద్దు మీద తీస్తారు, కాదనను. పుట్ట ఈగకి అది నచ్చదు.

చక్కెర పాకం పోస్తే అది కల్తీ తేనె కాదా?

పూత లేని కాలంలో బతకడానికి పోస్తే కాదు, తేనె నింపే సూపర్ పెట్టె పైన ఉన్నప్పుడు పోస్తే ముమ్మాటికీ కల్తీ. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా, మళ్లీ కార్తీకంలో తుఫాను పట్టిన వారాల్లో మన దగ్గర పెట్టెలు ఖాళీ అవుతాయి. అప్పుడు కిలో చక్కెరకి లీటరు నీళ్లు కాచి చల్లార్చి, సాయంత్రం పెట్టె లోపలే పెట్టండి. బయట ఒలికితే పక్క పెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి. బెల్లం పాకం పోయొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఆకలితో చచ్చిన పెట్టెని ఒక్కసారి చూస్తే మరిచిపోరు. ఈగలు గదుల్లోకి తల దూర్చి, తోకలు మాత్రం బయటికి పెట్టి, వరసగా అలాగే చచ్చి ఉంటాయి. అడుగున మిగిలిన ఆఖరి బొట్టు కోసం. మొదటి ఏడాది నా పది పెట్టెల్లో ఏడు పోయింది ఇలాగే. తేనె అంతా నేనే తీసేసుకున్నాను.

చీమలు, మైనపు పురుగు. ఏం చేయాలి?

చీమలకి స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు. ఎండాకాలం రెండు రోజులకోసారి నింపాలి. గడ్డి పెరిగి కాళ్లని తాకితే చీమలకి వంతెన వేసినట్టే. మైనపు పురుగు బలహీనమైన పెట్టెలోకే వస్తుంది. పట్టంతా సాలెగూడులా చేసి తినేస్తుంది. ఈగలు పరుచుకోని ఖాళీ పట్లు లోపల ఉంచకపోవడమే దానికి మందు. కందిరీగలకి గుమ్మం సన్నగా చేయండి. తీగల మీద వాలి ఈగల్ని పట్టే పసిరిక పిట్టతో మాత్రం రాజీ పడాల్సిందే.

తిరుపతి ఎండకి తట్టుకుంటాయా?

నీడ, నీళ్లు ఉంటే తట్టుకుంటాయి. వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి, రాళ్ల మీద వాలి తాగుతాయి. మూత మీద తడి గోనె. మధ్యాహ్నం గుమ్మం బయట గుంపుగా వేలాడుతుంటే కంగారు పడొద్దు, మనం వీధి అరుగు మీద కూర్చున్నట్టే.

## తేనె తీసేటప్పుడు

తేనె ఎప్పుడు తీయాలి? నేను తీసింది నెలకే పులిసింది.

తొందరపడ్డారు. పట్టులో ముప్పావు వంతు గదులకి మైనపు మూతలు పడ్డాకే తీయాలి. మూత పడని తేనెలో నీళ్లెక్కువ. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. అది దాటితే నురగ వచ్చి పుల్లబడుతుంది. ముసురు పట్టిన రోజు తీయొద్దు, తేనె గాల్లో తేమని కూడా లాగుతుంది. రిఫ్రాక్టోమీటర్ అని చిన్న పరికరం వస్తుంది, ఒక బొట్టు వేసి వెలుతురులో చూస్తే తేమ తెలుస్తుంది. పిల్లలుండే కింది పెట్టెలోని తేనె జోలికి పోవద్దు. అది వాటి వానాకాలపు గాదె.

## అమ్మేటప్పుడు

నా తేనె సీసాలో గడ్డకట్టింది. కొన్నవాళ్లు చక్కెర కలిపావంటున్నారు.

అసలు తేనె కూడా పేరుకుంటుంది. పొద్దుతిరుగుడు తేనె అయితే మరీ త్వరగా పేరుకుంటుంది. సీసాని గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టొద్దు. నీళ్లలో వేయడం, అగ్గిపుల్ల ముంచి గీయడం, కుక్క ముట్టదనడం, ఈ పరీక్షలేవీ కల్తీని పట్టవు. బకెట్లో పైన నిజమైన పట్టు ముక్క వేసి, కింద పాకం అమ్మేవాళ్ల పాకం కూడా వీటిలో నెగ్గుతుంది. ల్యాబ్ రిపోర్టు ఒకటి చేయించి పెట్టుకోండి, వాదన ఉండదు.

లైసెన్సు కావాలా?

చిన్న వ్యాపారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు. ఆ సంస్థ వారి ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో మీరే చేసుకోవచ్చు. లేబుల్ మీద ఆ నంబరు, బరువు, బ్యాచ్, ప్యాక్ చేసిన తేదీ, మీ చిరునామా ఉండాలి. ఏడాది లోపు పిల్లలకి పెట్టొద్దని కూడా వేయండి. బొటులిజం అనే ప్రాణాంతకమైన విషజబ్బు ప్రమాదం ఉంది, మనవాళ్లకి నాకించే అలవాటు ఎక్కువ.

ఎవరికి అమ్మాలి? కంపెనీవాళ్లు మరీ తక్కువ ధర అంటున్నారు.

డ్రమ్ముల్లో కొనేవాళ్లు అలాగే అంటారు. యాభై కిలోల వాళ్లు అటు చూడనే వద్దు. తెలిసినవాళ్లు, అభిషేకాలకి కొనే గుడి దగ్గర దుకాణాలు, ఆయుర్వేద వైద్యులు, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు చాలు. ఏ పూతదో రాసి అమ్మండి. కానుగ తేనె, చింత పూత తేనె రంగు, రుచి వేరు. నా దగ్గర రెండోసారి వచ్చేవాళ్లు "పోయినసారి నల్లగా ఉన్నది ఇవ్వన్నా" అని అడుగుతారు. ఉంటే ఇస్తాను, లేకపోతే వచ్చే పూత దాకా ఆగమంటాను.

తేనె కాకుండా ఇంకేమైనా ఆదాయం ఉందా?

ఈగలే ఆదాయం. బలమైన పెట్టెని రెండుగా విడదీసి అమ్మితే ఆ పెట్టె ఏడాది తేనె కన్నా ఎక్కువే వస్తుంది. పుచ్చ, దోస, గుమ్మడి, పొద్దుతిరుగుడు వేసేవాళ్లు పూత టైమ్‌లో పెట్టెలు అద్దెకి తీసుకుంటారు. కాయ నిండుగా వస్తుందని వాళ్లకి తెలుసు. అద్దె ముందే తీసుకోండి, అన్ని రోజులూ మందు కొట్టనని కాగితం మీద రాయించుకోండి. మైనం తక్కువే వస్తుంది. నేను మా ఊరి చెప్పులు కుట్టే ఆయనకి దారం రుద్దుకోవడానికి ఇస్తాను, ఆయన నా ముసుగు చిరిగినప్పుడల్లా కుట్టి పెడతాడు.